హాలిడే మెంబర్‌షిప్ వదిలించుకోవడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మాల్‌లో కూపన్ నింపి, హోటల్‌లో మీటింగుకు వెళ్లి, సాయంత్రానికల్లా హాలిడే మెంబర్‌షిప్‌కు సంతకం పెట్టి వచ్చినవాళ్ల ఉత్తరాలే ఈసారి ఎక్కువగా ఉన్నాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 25 ఏళ్ల హాలిడే మెంబర్‌షిప్‌ను 4 లక్షల 20 వేలకు కొన్నాం. ఈఎంఐలు అయిపోయాయి, ఇంకా 16 ఏళ్లు మిగిలున్నాయి. ఏటా ఏఎస్‌ఎఫ్ (వార్షిక సభ్యత్వ రుసుము) 21,000, దానిపైన జీఎస్టీ కడుతున్నాం. ‘ఎప్పుడైనా అమ్ముకోవచ్చు, రేటు పెరుగుతుంది’ అని అప్పట్లో చెప్పారు. 3 లక్షలకు ప్రకటన పెట్టి ఏడాదైంది, ఒక్కరూ ముందుకు రాలేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు కొన్నది ఆస్తి కాదండీ. ఇలాంటి మెంబర్‌షిప్‌కు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ జరగదు, రిసార్టు స్థలంలో మీకు వాటా రాదు. ఏడాదికి ఏడు రాత్రులు గది వాడుకునే హక్కు మాత్రమే మీ చేతిలో ఉంది. ఏడాది గడిస్తే అందులో ఒక ఏడాది తరిగిపోతుంది. రేటు పెరుగుతుందని చెప్పిన మాటకు మొదటినుంచీ ఆధారం లేదు.

కొనేవాడి వైపునుంచి లెక్క చూడండి. 21,000కు 18 శాతం జీఎస్టీ కలిపితే 24,780. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 3,540. మీకిచ్చే 3 లక్షలను మిగిలిన 112 రాత్రులకు పంచితే మరో 2,679. అంటే ఒక రాత్రికి 6,219 రూపాయలు, అదీ ముందే కట్టి. అదే ఊళ్లో అలాంటి గది 4,500కు దొరుకుతుంటే ఆయన మీ దగ్గరికి ఎందుకొస్తాడు? 4,500లోంచి 3,540 తీసేస్తే రాత్రికి మిగిలేది 960. 112 రాత్రులకు 1,07,520. కొనేవాడు ఇవ్వగలిగిన గరిష్ఠం ఇదే. ఇందులోంచి బదిలీ రుసుము పోతుంది. కోరిన తేదీకి గది దొరకదేమోనన్న భయానికీ, ఏఎస్‌ఎఫ్ పెరుగుతుందన్న అనుమానానికీ మరికొంత తగ్గిస్తాడు. అందుకే చాలా బేరాలు లక్ష లోపే ఆగుతాయి. ఏఎస్‌ఎఫ్ ఎక్కువగా ఉన్న చిన్న గది మెంబర్‌షిప్‌కైతే ఈ లెక్క సున్నాకో, సున్నా కిందికో పోతుంది. అప్పుడు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లుండరు.

మీరు కట్టిన 4 లక్షల 20 వేలలో సేల్స్ కమీషన్లు, గిఫ్ట్ వోచర్లు, మీటింగు హాలు అద్దె అన్నీ కలిసే ఉన్నాయి. రెండోసారి కొనేవాడు వాటికి పైసా ఇవ్వడు. కట్టిన ధరను కొలమానంగా పెట్టుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఏళ్లన్నిటికీ ఏఎస్‌ఎఫ్ మీరే కడతారు.

ప్రకటన పెట్టేముందు కంపెనీ మెంబర్ రిలేషన్స్ విభాగానికి మెయిల్ రాసి, వీటికి రాతపూర్వక జవాబు తీసుకోండి. బదిలీకి అనుమతి ఉందా, రుసుము ఎంత? ఏఎస్‌ఎఫ్ బకాయి ఏమైనా ఉందా? పోగైన రాత్రులు కొత్త సభ్యుడికి వెళతాయా? మీకు ఆఫర్‌గా వచ్చిన అదనపు సౌకర్యాలు ఆయనకు ఉంటాయా? మీ రాత్రులను వేరే రిసార్టుల్లో వాడుకునే ఎక్స్‌ఛేంజి సభ్యత్వం కూడా మారుతుందా? చివరి రెండింటికీ తరచుగా ‘లేదు’ అనే జవాబు వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే బేరం కుదిరాక చెడుతుంది.

ప్రకటనలో ‘ఫుల్లీ పెయిడ్, అర్జెంట్ సేల్’ అంటే చాలదు. ఏడాదిలో ఏ రోజుల్లో గది వాడుకోవచ్చో తెలిపే సీజన్ రంగు రాయండి. పర్పుల్, రెడ్ సీజన్లకు గిరాకీ ఉంటుంది. వైట్, బ్లూ అయితే సంక్రాంతికీ వేసవి సెలవులకూ గది దొరకదు కాబట్టి బడిపిల్లలున్న ఇంటివాళ్లు కొనరు. ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లకు ఆ రంగులైనా పరవాలేదు, వాళ్లనే అడగండి. స్టూడియోనా, ఒక పడకగదా, ఎన్నేళ్లు మిగిలాయి, పోయిన ఏడాది ఏఎస్‌ఎఫ్ ఎంత, బదిలీ రుసుము ఎవరు భరిస్తారు అన్నవి కూడా ఉండాలి.

బేరం కుదిరాక లాగిన్, ఓటీపీలు ఇవ్వకండి. బదిలీ ఫారంపై ఇద్దరూ సంతకాలు చేసి కంపెనీకి పంపాలి. డబ్బులో కొంత అడ్వాన్సుగా, మిగతాది బదిలీ ఖాయమైన మెయిల్ రాగానే తీసుకోవడం ఇద్దరికీ క్షేమం. తర్వాత రెండు పనులు మిగులుతాయి. మొదటిది, ‘ఇకపై ఈ సభ్యత్వం కింద మీకు ఎలాంటి బాధ్యతా లేదు’ అని కంపెనీనుంచి లేఖ. రెండోది, బ్యాంకుకు వెళ్లి ఆటో డెబిట్ మాండేట్ రద్దు. రెండోది మరిచిపోతే పేరు మారిన తర్వాత కూడా మరుసటి ఏడాది ఏఎస్‌ఎఫ్ మీ ఖాతాలోంచే పోవచ్చు.

కొనేవాళ్లు దొరకకపోతే కాంట్రాక్టులో సరెండర్ (సభ్యత్వాన్ని కంపెనీకే తిరిగిచ్చే) క్లాజు చదవండి. చాలా కాంట్రాక్టులు కట్టిన మొత్తాన్ని తిరిగిరాని ప్రవేశ రుసుముగా, ఏళ్లకు పంచిన వాడకపు రుసుముగా విడదీస్తాయి. తిరిగొచ్చేది రెండో భాగంలో మిగిలిన ఏళ్ల వాటా మాత్రమే. అది చిన్న మొత్తంగా కనిపించినా, రాబోయే 16 ఏళ్ల ఏఎస్‌ఎఫ్ తప్పుతుందన్నది దానికి కలుపుకుని చూడండి.

ప్రశ్న: నా మెంబర్‌షిప్‌కు 5 లక్షల 50 వేలిచ్చే పార్టీ సిద్ధంగా ఉందని ఫోన్ వచ్చింది. మెంబర్‌షిప్ నంబరుతో సహా చెప్పారు. ఎన్‌ఓసీకీ జీఎస్టీకీ అని 38,000 కట్టించుకున్నారు. ఇప్పుడు టీడీఎస్ 62,000 కడితే మొత్తం ఒకేసారి వస్తుందంటున్నారు. కట్టమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇది మోసం. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాడు, ఇచ్చేదాంట్లోంచి కోసుకుని ప్రభుత్వానికి కట్టేది. తీసుకునేవాడి దగ్గర ముందుగా వసూలు చేసే టీడీఎస్ ఉండదు. ‘తర్వాత రీఫండ్’ అంటూ అమ్మేవాడి నుంచి వ్యక్తి ఖాతాలోకి వేయించుకునేది జీఎస్టీ కాదు. 5 లక్షల 50 వేలు ఇస్తామనడమే మొదటి గుర్తు. పై జవాబులోని లెక్క వేసి చూస్తే అంత ధర ఎవరూ ఇవ్వరని తెలుస్తుంది.

మెంబర్‌షిప్ నంబరు వాళ్లకు తెలిసినంత మాత్రాన నిజమైనవాళ్లని అనుకోవద్దు. సభ్యుల జాబితాలు చేతులు మారుతుంటాయి. రిజర్వు బ్యాంకు ముద్రతో ‘మీ పేర సొమ్ము విడుదలకు సిద్ధం’ అనే లేఖ వాట్సాప్‌లో వస్తే అది నకిలీ. రిజర్వు బ్యాంకు వ్యక్తుల పేర డబ్బు ఖాతాలు నడపదు.

ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఏ ఖాతాకు, ఎన్ని గంటలకు వెళ్లింది, యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ) నంబరు ఎంత అన్నవి దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకో ఖాతాకు మళ్లకముందే ఆపగలిగితేనే ఉపయోగం కాబట్టి ప్రతి గంటా విలువైనదే. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, మీ బ్యాంకుకూ రాతలో చెప్పండి. చాట్‌లు, కాల్ లాగ్, వాళ్లు పంపిన లేఖలు ఏవీ చెరపకండి. కొన్ని వారాల తర్వాత లాయరునో పోలీసునో అంటూ ఇంకొకరు ఫోన్ చేసి, ‘పోయిన డబ్బు రాబడతాం, ఫీజు కట్టండి’ అనవచ్చు. వాళ్లూ ఆ ముఠావాళ్లే అయ్యుంటారు.

ప్రశ్న: ఆదివారం సంతకం పెట్టాం, ఈ రోజు గురువారం. ఫైనాన్స్ కంపెనీ లోను కూడా మంజూరైంది. రద్దు చేసుకోవచ్చా?
– దంపతులు, విజయవాడ

జవాబు: మన దేశంలో టైమ్‌షేర్ (ఇలాంటి హాలిడే మెంబర్‌షిప్) కోసం విడిగా చట్టం లేదు. రద్దు గడువు మీ కాంట్రాక్టులో ఉన్నంతే. పది రోజులని రాసే కంపెనీలున్నాయి. క్లాజు చూసి, ఈ రాత్రే మెయిల్ పంపండి, రేపు అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. రద్దు మాటెత్తగానే సీనియర్ మేనేజరు మాట్లాడతారు, అదనపు రాత్రులిస్తామంటారు, వచ్చే వారం కలుద్దామంటారు. ఆ వచ్చే వారానికి గడువు దాటిపోతుంది. గిఫ్ట్ వోచరు, ఉచిత బస ఏదీ వాడకండి.

లోను వేరే కాంట్రాక్టు. సభ్యత్వం రద్దయితే అదంతట అది రద్దవదు. ఫైనాన్స్ కంపెనీకి విడిగా రాయండి. యాప్‌లో తీసుకున్న లోనైతే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ (లోను వద్దనుకుని వెనక్కి కట్టేసే) గడువు ఉంటుంది, లోను షరతుల సారాంశమైన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. కోపంతో ఈఎంఐ ఆపితే దెబ్బ మీ సిబిల్ స్కోరుకే.

ప్రశ్న: 3 లక్షల 75 వేలు కట్టాం. మూడేళ్లుగా ఏ తేదీ అడిగినా ‘అందుబాటులో లేదు’ అంటున్నారు. ఏఎస్‌ఎఫ్ మాత్రం వడ్డీతో అడుగుతున్నారు. కాంట్రాక్టులో వివాదాలకు ముంబై కోర్టు, ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) అని ఉంది. ఏం చేయగలం?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ ఊళ్లోనే కేసు వేయగలరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఆర్బిట్రేషన్ క్లాజు అందుకు అడ్డు కాదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో స్పష్టం చేసింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ముందు 1915కి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి, కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. కుదరకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయవచ్చు.

కేసు నిలిచేది బుకింగ్ రుజువులమీద. అడిగిన ప్రతిసారీ తేదీ, రిసార్టు, వచ్చిన జవాబు కనిపించే స్క్రీన్‌షాట్ ఉండాలి. ఒక్క రిసార్టుకు ఒక్క తేదీ అడిగితే ‘రద్దీ’ అని తప్పించుకుంటారు. మూడు రిసార్టులకు, వేర్వేరు నెలలకు, నియమాల్లో చెప్పిన ముందస్తు గడువు లోపల అడిగి ఉంచండి. ఎలక్ట్రానిక్ రుజువులకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని ఫిర్యాదు రాయండి. కాంట్రాక్టు షరతే అన్యాయమని సవాలు చేస్తే అది జిల్లా కమిషన్ పరిధిలోకి రాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మెయిళ్లు రాస్తూ పోతే అది పెరగదు. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు.

ప్రశ్న: ఫ్లోరిడాలోని ఆర్లాండోలో 2019లో డీడ్ (యాజమాన్య దస్తావేజు) ఉన్న టైమ్‌షేర్ కొన్నాం. వచ్చే ఏడాది ఇండియాకు తిరిగి వచ్చేస్తున్నాం. వదిలేసి వస్తే ఏమవుతుంది?
– ఒక తెలుగు కుటుంబం, డాలస్

జవాబు: ఇండియా మెంబర్‌షిప్‌లా కాదు, మీది కౌంటీ రికార్డుల్లో నమోదైన ఆస్తి. ఫ్లోరిడా ఇచ్చే పది రోజుల రద్దు గడువు ఎప్పుడో దాటింది. మెయింటెనెన్స్ ఫీజు ఆపితే బాకీ కలెక్షన్ ఏజెన్సీకి, అక్కడినుంచి ఫోర్‌క్లోజర్‌కు (బాకీ కింద ఆస్తి స్వాధీనానికి) పోవచ్చు, క్రెడిట్ రికార్డు పాడవుతుంది. మళ్లీ అక్కడ పని ఉన్నవాళ్లకు అది బరువే.

మొదట డెవలపర్‌నే అడగండి: డీడ్ వెనక్కి తీసుకునే కార్యక్రమం ఉందా? లోను తీరి, ఫీజు బకాయి లేకపోతే కొందరు తీసుకుంటారు. అమ్మాలనుకుంటే ఈబేలో ఒక డాలరు ధరకు కూడా ఇవి కనిపిస్తాయి, కాబట్టి ధర ఆశ పెట్టుకోవద్దు. టైమ్‌షేర్ వదిలిస్తామంటూ ముందుగా వేల డాలర్లు అడిగే ‘ఎగ్జిట్’ కంపెనీల జోలికి పోవద్దు.

డీడ్‌పై సంతకం అమెరికాలో ఉండగానే నోటరీ ముందు చేసేయండి. హైదరాబాద్ వచ్చాకైతే అమెరికన్ కాన్సులేట్ అపాయింట్‌మెంట్, ఒక్కో సీలుకు 50 డాలర్లు, లేదంటే ఇక్కడి నోటరీ సంతకానికి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర). కొత్త డీడ్ కౌంటీలో రికార్డయిన నకలూ, రిసార్టు నుంచి బాకీ సున్నా అని లేఖా చేతికొచ్చాకే విమానం టికెట్లు చూసుకోండి.