మూడింటికి మెలకువ

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. ఒక బ్యాంకు బ్రాంచిలో ఆఫీసర్ని. లోన్ల రికవరీ ఒకపక్క, ఇన్సూరెన్స్ పాలసీల టార్గెట్ ఇంకోపక్క. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా పై ఆఫీసు నుంచి వాట్సాప్ గ్రూపులో ‘ఈరోజు ఎన్ని’ అని లిస్టు పడుతుంది, సున్నా ఉన్నవాళ్ల పేర్లు ఎర్రగా కనిపిస్తాయి. పదింటికల్లా పడుకుంటాను, నిద్ర పడుతుంది కూడా. కానీ మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తుంది. ఫలానా ఫైల్లో సంతకం పెట్టానా, ఆ పార్టీ కిస్తీ కడతాడా అనుకుంటూ ఆరింటి దాకా దొర్లడమే. నాలుగు నెలలుగా దాదాపు రోజూ ఇదే వరస. అమ్మ గసగసాల పాలు ఇస్తోంది, కొలీగ్ తన నిద్రమాత్ర సగం వేసుకోమంటున్నాడు. ఏం చేయమంటారు?
- పేరు వద్దు, ఏలూరు

జవాబు: మూడింటికి మెలకువ రావడం దానికదే జబ్బేం కాదండీ. గాఢనిద్ర చాలావరకు రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది, ఆ తర్వాత ఉండేది ఎక్కువగా పలుచని నిద్ర, కలల నిద్ర. పదింటికి పడుకున్న మనిషికి ఆ వేళకి మెలకువ తగలడం మామూలే, చాలామంది అటు తిరిగి పడుకుంటారు, పొద్దున వాళ్లకి గుర్తు కూడా ఉండదు. మీకు మాత్రం ఆ క్షణంలో బ్రాంచి మొత్తం వచ్చి మంచం మీద కూర్చుంటోంది.

అసలు చిక్కు ఆ తర్వాతి మూడు గంటలతో. నాలుగు నెలలుగా రోజూ ఆ మూడు గంటలు మీరు మంచం మీద డ్యూటీ చేస్తున్నారు, జీతం లేని డ్యూటీ. మంచమంటే నిద్ర కాదు లెక్కలు చూసుకునే చోటు అని ఒంటికి అలవాటైపోయింది. అందుకే మెలకువ వచ్చి ఓ పావుగంట అయిందనిపిస్తే (గడియారం చూడొద్దు, ఉజ్జాయింపుగా చాలు) లేచి హాల్లోకి వచ్చేయండి. చిన్న లైటు వేసుకుని ఆరిన బట్టలు మడతపెట్టండి, పాత వారపత్రిక తిరగేయండి, ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు. కళ్లు మూతలు పడుతుంటేనే వెళ్లి పడుకోండి. మళ్లీ నిద్ర పట్టలేదా, మళ్లీ లేవండి. ఇది నా సొంత చిట్కా కాదు, రిచర్డ్ బూట్‌జిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1972లో చెప్పిన పద్ధతి, ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో ఇదొక ముఖ్య భాగం.

ఇంకొకటి, ఇది మీకు నచ్చదు. నిద్ర చాలడం లేదని పదింటికే పడుకుంటున్నారు కదా, మానేయండి. మీకు పడుతున్నది ఐదు గంటలు, మంచం మీద ఉంటున్నది ఎనిమిది. కొన్నాళ్లు పదకొండున్నరకి పడుకుని ఐదున్నరకి లేవండి, ఆదివారమైనా సరే. ఆ ఆరు గంటలూ నిద్రతో నిండుతున్నాయనుకున్నాక వారానికో పావుగంట ముందుకు జరుపుకోవచ్చు. మొదటి వారం పది రోజులు నరకంలా ఉంటుంది, అబద్ధం చెప్పను. పగలు తూగుతుంటే బండి నడపకండి, బస్సెక్కండి. మూర్ఛ, బైపోలార్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఈ ప్రయోగం చేయకూడదు.

మీ టార్గెట్ నేను తగ్గించలేను. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి పాలసీ తీసుకునే కస్టమర్ ఎవరున్నారు చెప్పండి? ఎనిమిది దాటాక ఆ గ్రూపుని మ్యూట్‌లో పెట్టండి, ఆ ఎర్ర పేర్లు పొద్దున కూడా అక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవు. బ్రాంచి నుంచి బయల్దేరే ముందు ఏ ఫైల్లో సంతకం అయింది, ఏది మిగిలింది అని డైరీలో రాసుకోండి, మూడింటికి వచ్చే అనుమానాలు సగం వాటి గురించే. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు కాగితం మీద పెట్టండి. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు 57 మంది మీద చూస్తే, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే చేయాల్సినవి రాసినవాళ్లకి సగటున 9 నిమిషాలు ముందే నిద్ర పట్టింది. చిన్న పరిశోధనే, కానీ ఖర్చు ఒక కాగితం.

గసగసాల పాలు అమ్మ తృప్తి కోసం తాగండి, గ్లాసు నిండా వద్దు, దానికోసం మళ్లీ లేవాలి. సాయంత్రం క్యాష్ టాలీ చేసేటప్పుడు తాగే టీ మాత్రం మానాలి, తాగిన ఐదు గంటలకి కూడా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

కొలీగ్ మాత్ర వద్దే వద్దు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం, మీరు ఆ లెక్కలోకి వచ్చేశారు కాబట్టి ఒకసారి డాక్టర్ని కలవండి. గురక గట్టిగా పెడతారేమో మీ ఇంట్లోవాళ్లని అడిగి వెళ్లండి, థైరాయిడ్ కూడా చూపించుకోండి. దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఎందుకీ బతుకు అనిపించడం ఉంటే ఇక వాయిదా వేయకుండా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, అర్ధరాత్రయినా పలుకుతారు.

ప్రశ్న: మేడమ్, టెన్షన్ తట్టుకోలేక మా వారు ఏడాదిగా రోజూ రాత్రి ఆందోళన తగ్గించే అల్ప్రాజోలం మాత్ర వేసుకుంటున్నారు, మొదట రాసిన డాక్టర్ పదిరోజులకే రాశారు. డబ్బా దాచేయనా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: దాచొద్దమ్మా. ఏడాది వాడినదాన్ని ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పూర్తిగా పోతుంది, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపిస్తారు. అంతవరకు ఆ మాత్రతో మద్యం కలవకుండా చూడండి, ఆ రెండూ కలిస్తే ఊపిరికే ప్రమాదం. డబ్బా పట్టుకుని ఇద్దరూ కలిసే వెళ్లండి, రోజుకి ఎన్ని వేసుకుంటున్నారో ఆయన్నే చెప్పనివ్వండి.