బండి కబుర్లు: పీకకండి, జిగురును మెత్తబడనివ్వండి

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కారు అద్దాల చుట్టూనే తిరిగాయి. విజయవాడ ఆటోనగర్‌లో రేడియం షాపు పెట్టి, అంటించడం ఊడదీయడం తప్ప వేరే పని తెలియకుండా బతికినవాణ్ని కాబట్టి, నాకు ఇంతకన్నా ఇష్టమైన సబ్జెక్టు లేదు. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు. నేను సలహాలు చెబుతున్నాను, ఎవరూ అడక్కపోయినా. మీరైతే అడిగారు కాబట్టి ఇంకా మంచిది.

*సెకండ్‌హ్యాండ్‌లో 2020 మోడల్ పెట్రోల్ కారు కొన్నాం. ముందు అద్దం మీద పాత ఓనరు అపార్ట్‌మెంటు స్టిక్కర్లు, ఏదో క్లబ్బు స్టిక్కరు, ఫాస్టాగ్, మూలన ఒక మెరిసే నంబరు స్టిక్కరు ఉన్నాయి. ఒకదాన్ని గోటితో లాగితే పైపొర చేతికొచ్చింది, తెల్ల కాగితం అద్దానికే ఉండిపోయింది. మెకానిక్ ఉప్పుకాగితంతో రుద్దేద్దాం అంటున్నాడు. రుద్దించమంటారా?*
– ఎం. ఎస్., రాజమహేంద్రవరం

వద్దమ్మా. ఉప్పుకాగితం గీతలు పగలు కనిపించవు. రాత్రిపూట ఎదురు లారీ లైటు పడ్డప్పుడు అద్దమంతా తళుక్కుమంటుంది, రోడ్డు కనపడదు. గిన్నెలు తోమే పీచు కూడా అంతే.

చెయ్యి వేసే ముందు ఏది ఉంచాలో ఏది తీయాలో చూసుకోండి. ఆ మెరిసే స్టిక్కరు జోలికి మాత్రం పోవద్దు. అది హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లతో పాటు ఇచ్చేది, 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త కార్లన్నిటికీ ఉంటుంది. మీది పెట్రోల్ బండి కాబట్టి లేత నీలం రంగులో ఉండాలి. డీజిలుకు నారింజ రంగు. పోలీసులు దూరం నుంచే ఏ ఇంధనమో పోల్చుకోవడానికి ఆ రంగులు. పీకితే చిరిగిపోయేలాగే తయారుచేస్తారు, చిరిగితే మళ్లీ నంబరు ప్లేటు ఇచ్చేవాళ్ల చుట్టూ తిరగాలి.

ఫాస్టాగ్ తీసేయాల్సిందే, కానీ దాన్ని గీకే ముందు పాత ఓనరుకు ఫోన్ చేసి, ఆ ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులో ట్యాగ్ అకౌంటు మూయించమనండి. ఒక బండికి ఒకటే ట్యాగ్ అన్నది రూలు. పాతది బతికి ఉండగా మీ నంబరు మీద కొత్తది తీసుకోవడానికి తిప్పలు తప్పవు.

ఇక అసలు పని. బండిని ఎండలో పెట్టనే వద్దు. నీడలో పెట్టండి, వేడి మనమే ఇద్దాం. ఎండలో అద్దమంతా కాలిపోతూ ఉంటుంది, మీరు రాసిన సబ్బునీళ్లు, నూనె పని మొదలయ్యే లోపే ఆరిపోతాయి. డాష్‌బోర్డు మీద పాత తువ్వాలు ఒకటి మడత పెట్టి పరవండి. హెయిర్ డ్రయ్యర్‌ని స్టిక్కరుకు జానెడు దూరంలో పట్టుకుని, ఒకే చోట ఆపకుండా తిప్పుతూ ఉండండి. వేలు పెడితే వెచ్చగా తగలాలి, చుర్రుమనకూడదు. అప్పుడు ఒక మూల గోటితో లేపండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. లేచిన మూలను మీ వైపుకు లాక్కోకండి, వెనక్కి మడిచి, అద్దానికి ఆనుకునేలా, నెమ్మదిగా లాగండి. జిగురు సన్నటి దారాల్లా సాగుతూ కనిపిస్తుంది. ఆ దారాలు తెగకుండా వస్తుంటే స్టిక్కరుతో పాటు జిగురూ వచ్చేస్తున్నట్టు. తెగిపోతుంటే వేడి చాలలేదని అర్థం, ఆగి మళ్లీ డ్రయ్యర్ పట్టండి.

మీరు గోటితో లాగినదానికి మిగిలిన తెల్ల కాగితం సంగతి వేరు. పైన ప్లాస్టిక్ పొర పోయింది కాబట్టి ఇప్పుడది నీళ్లు పీలుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కలు షాంపూ కలిపి, అందులో ముంచిన గుడ్డను దాని మీద అంటించి వదిలేయండి. కాఫీ తాగి వచ్చేసరికి కాగితం పేస్టులా నలిగి వచ్చేస్తుంది. కింద జిగురు మిగులుతుంది. దానికి కొబ్బరినూనె పూసి కాసేపు నాననిచ్చి, పాత బనీను గుడ్డతో గుండ్రంగా రుద్దితే ఉండలు కట్టి రాలుతుంది. చివర్లో సర్జికల్ స్పిరిట్‌తో తుడిస్తే నూనె మరక కూడా ఉండదు.

అప్పటికీ మొండికేస్తే బ్లేడు. అద్దాన్ని సబ్బునీళ్లతో తడిపి, కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి ఒకే దిశలో తోయండి. వెనక్కీ ముందుకీ రంపంలా ఆడించకూడదు. అద్దం లోపలి వైపు ఏదైనా ఫిల్ము అంటించి ఉంటే మాత్రం బ్లేడు వాడకండి, ఫిల్ము చీరుకుపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దాన్ని ఏమీ చేయదు గానీ, ఒక్క చుక్క డాష్‌బోర్డు మీద పడితే ప్లాస్టిక్ మచ్చ పడుతుంది. పెట్రోలు, కిరోసిన్ అయితే తలుపులు మూసిన బండిలో, పక్కన డ్రయ్యర్ పెట్టుకుని... చెప్పక్కర్లేదు కదమ్మా.

*మాకు రెండు కార్లు, ఒకటే ఫాస్టాగ్. హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఏ కారు తీస్తే ఆ కారులో పెట్టుకుని టోల్ దగ్గర చేత్తో చూపిస్తున్నాం. అంటించకపోతే ఏమవుతుంది బాబాయ్?*
– కె. ఆర్., సూర్యాపేట

మీ వెనక నిలబడ్డవాళ్లకి బీపీ వస్తుంది నాయనా. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఆ క్యూలో ఉన్నవాణ్నే నేను. సరదాకి అనడం కాదు, చేత్తో చూపించే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలోనే ప్రకటించింది. ట్యాగ్ ఒక కారు నంబరు మీద ఉంటుంది, ఇంకో కారుకు చూపించడం కుదరదు. పనిచేసే ట్యాగ్ లేకుండా వస్తే నగదు అయితే రెట్టింపు, యూపీఐ అయితే ఒకటింబావు రెట్లు కట్టాలని 2025 నవంబరు 15న రూలు తెచ్చారు. రెండో కారుకు రెండో ట్యాగ్ తీసుకోండి. తరచూ తిరిగేవాళ్లయితే, 2025 ఆగస్టు 15న రూ.3,000తో మొదలుపెట్టిన ఏడాది పాస్ కూడా చూడండి, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. అది కూడా అద్దానికి అంటించిన ట్యాగ్‌కే వర్తిస్తుంది.

అంటించడం మాత్రం ఒక్కసారే. లోపల సన్నటి యాంటెనా ఉంటుంది, ఊడదీస్తే తెగుతుంది, ఆ ట్యాగ్ ఇక పనికిరాదు. అందుకని ముందు కొలుచుకోండి. అద్దం లోపలి వైపు, పైన మధ్యలో, వెనక బళ్లు చూసే అద్దానికి వెనకాల, నల్ల చుక్కల పట్టీ మీద కాకుండా వట్టి గాజు మీద అంటించాలి. కొన్ని కార్ల ముందు అద్దంలో వేడిని ఆపడానికి లోహపు పూత ఉంటుంది, దాని వెనక ట్యాగ్ పెడితే సిగ్నల్ అందదు. పూత లేకుండా వదిలిన చోటు ఎక్కడో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, మధ్య నుంచి అంచులకు బొటనవేలితో నొక్కుతూ రండి. నీళ్లు, సబ్బు ఏమీ వద్దు.

*వెనక అద్దం నిండా మా హీరో ఫోటో వేయిద్దామని. ఇంట్లోనే అంటిస్తే బుడగలు వస్తాయా?*
– ఒక అభిమాని, వరంగల్

బుడగల కన్నా ముందు చలాను వస్తుంది తమ్ముడూ. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు పోవాలన్నది మోటారు వాహనాల రూలు. అద్దాల మీద ఫిల్ములు అంటించొద్దని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఇలాంటివి వేసి డబ్బులు తీసుకున్నవాడిగానే చెబుతున్నా, రివర్సులో వెనక పిల్లాడు కనపడడు. ఒక మూలన అరచేతంత వేయించుకో.

పెద్ద వినైల్ (ప్లాస్టిక్) స్టిక్కరు అయితే తడిపి అంటిస్తే బుడగలు రావు. స్ప్రే సీసాలో నీళ్లు, రెండు చుక్కల షాంపూ కలిపి అద్దం మీద కొట్టి, స్టిక్కరును ఆ తడి మీద పెడితే కావలసిన చోటికి జరుగుతుంది. పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి మధ్య నుంచి బయటికి నీళ్లు తోసెయ్. తర్వాత తీసేటప్పుడు గుర్తుంచుకో, చాలా కార్లలో వెనక అద్దం లోపలి వైపు సన్నటి గీతలు ఉంటాయి, మంచు కరిగించే తీగలు. లోపలి వైపు బ్లేడు పెడితే అవి తెగుతాయి, తిరిగి వేయించడం అంత తేలిక కాదు. అందుకే స్టిక్కరు బయటి వైపు వేయించు.

*మా అపార్ట్‌మెంటులో ప్రతి జనవరికీ కొత్త పార్కింగ్ స్టిక్కరు ఇస్తాం. పాతది ఊడటం లేదని అందరూ నా మీద పడుతున్నారు. మార్గం ఉందా?*
– సెక్రటరీ, కూకట్‌పల్లి

ఉందండి. మీరు కొట్టిస్తున్నది కాగితం స్టిక్కరు అయ్యుంటుంది, అదే గొడవంతా. ఈసారి ప్రింటింగ్ వాళ్లను స్టాటిక్ క్లింగ్ అడగండి. జిగురు ఉండదు, నున్నటి అద్దానికి దానంతటదే పట్టుకుంటుంది, మూల పట్టి లాగితే మరక లేకుండా వస్తుంది. కాగితం కన్నా కాస్త ఖరీదే, కానీ సంవత్సరం చివర తిట్లు తగ్గుతాయి. దుమ్ము ఉంటే అంటుకోదు కాబట్టి తుడిచి పెట్టమని అందరికీ చెప్పండి. డ్రైవరు చూపుకు అడ్డం రాకుండా ఎడమ వైపు కింది మూలన పెట్టించండి. ఆర్డరిచ్చేటప్పుడు లోపలి నుంచి అంటించేదని గట్టిగా చెప్పాలి సుమా, లేకపోతే అక్షరాలు బండిలో కూర్చున్నవాళ్లకు కనిపిస్తాయి, మీ వాచ్‌మన్‌కు కాదు.