డ్రిల్లుతో ట్రైలర్ జరుగుతుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి. నా టిఫిన్ ట్రైలర్‌ని రాత్రి సందులో పెడతాను. పొద్దున బయటికి లాగాలంటే ముగ్గురు కావాలి. డ్రిల్లు బిగించి నడిపే మూవర్ (ట్రైలర్ ముందు భాగానికి తగిలించి బండిని జరిపే చక్రాల పరికరం) ఉందంట, పనికొస్తుందా అన్నా?

జవాబు: సందు నేల బాగుంటే పనికొస్తుంది తమ్ముడూ. మూవర్ లోపల ఉండేది గేర్లే. గిర్రున తిరిగే డ్రిల్లు వేగాన్ని బాగా తగ్గించి, బలంగా మార్చి తన చక్రాలకు అందిస్తాయి. అందుకే బండి చీమ నడక నడుస్తుంది. మీ ఊరి నాపరాళ్ల మీద హాయిగా పోతుంది. ఇసుకలో, కంకరలో చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. మూవర్‌కి తగిలించే ట్రైలర్ ముక్కు మీద బరువు మరీ తక్కువైనా అంతే, పట్టు దొరకదు.

డ్రిల్లుని నెమ్మదిగా తిరిగే ఒకటో గేరులోనే, హామర్ (గోడకు కన్నం పెట్టేటప్పుడు దెబ్బలు కొట్టే మోడ్) ఆపేసి వాడు. నేనోసారి తొందరపడి రెండో గేరులో వేశా. పది అడుగులు పోకముందే కాలిన వాసన, డ్రిల్లు పట్టుకోలేనంత వేడి! పక్కపిడి తప్పనిసరి, లేకుంటే మణికట్టు మెలితిప్పేస్తుంది.

మొదట టైర్లలో గాలి చూసుకో, గాలి తక్కువైతే బండి బరువుగా కదులుతుంది. గ్యాస్ సిలిండర్, నీళ్ల డ్రమ్ము దించెయ్. సందు వాలుగా ఉంటే మాత్రం ఆ ముగ్గురినే పిలుచుకో. ఆగిన ప్రతిసారీ చక్రాలకు రాళ్లు పెట్టాకే చెయ్యి వదులు.