మద్యం మానాలనుకునే వారి సమావేశాలు

ప్రశ్న: ఏళ్లుగా కల్లు, మద్యం తాగుతున్న మా వారు ఇప్పుడు మానేస్తానంటున్నారు. తాగుడు మానినవారి సమావేశాలకు వెళ్తే ఊళ్లో పరువు పోతుందని భయపడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: ముందుగా ఆయనను ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించండి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలుపుతుంటారు కనుక, దాన్ని ఒక్కసారిగా ఆపితే వణుకు, భ్రాంతులు, మూర్ఛ రావచ్చు. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. ఈ విషయంలో మొండి పట్టుదల పనికిరాదు.

మీరు విన్నవి బహుశా 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు. అక్కడ రుసుము ఉండదు, మానాలన్న కోరిక ఒక్కటే అర్హత, పూర్తి పేరు చెప్పనవసరం లేదు, తొలిరోజు మౌనంగా విని రావచ్చు. ఎదురుగా కూర్చున్నవారు కూడా తాగుడుతో బాధపడినవారే కాబట్టి ఎవరూ వేలెత్తి చూపరు. అయినా సంకోచముంటే, హైదరాబాద్‌లోని సమావేశానికో, ఆన్‌లైన్ సమావేశానికో వెళ్లమనండి.

కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అనే బృందాలు వేరుగా ఉన్నాయి. ఆయన వెళ్లినా వెళ్లకపోయినా మీరు వెళ్లవచ్చు. దగ్గరలోని చికిత్సా కేంద్రాల వివరాలకు జాతీయ ఉచిత సహాయవాణి 14446కు ఫోన్ చేయండి.