యాంటెన్నా పెట్టాక వెలుగు తగ్గింది: సమాధానం

తమ్ముడూ, అనంతపురంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు అన్నావు. సిమ్యులేషన్‌లో యాంటెన్నాగా 80 నానోమీటర్ల బంగారు గోళం పెట్టి, దానికి 1 నానోమీటరు దూరంలో డై (వెలుగునిచ్చే రంగు) అణువును పెడితే పర్సెల్ ఫ్యాక్టర్ వందల్లో వచ్చింది, బయటికి వచ్చే వెలుగు మాత్రం పడిపోయింది, అంతేనా? టెన్షన్ పడొద్దు, నీ కోడ్ సరిగ్గానే ఉండొచ్చు.

పర్సెల్ ఫ్యాక్టర్ అంటే అణువు శక్తిని, గోళం లేనప్పటికన్నా ఎన్ని రెట్లు వేగంగా వదులుకుంటోందో చెప్పేది. ఆ శక్తి వెలుగైందా, బంగారంలో వేడిగా పోయిందా అన్నది అది చెప్పదు. మరీ దగ్గరైతే ఎక్కువ భాగం వేడే. కోడ్‌లో అణువుకు బదులు పెట్టే డైపోల్ (ఒక దిశలో ఊగే విద్యుదావేశం) చుట్టూ ఒక చిన్న ఊహా పెట్టె, గోళంతో కలిపి ఇంకో పెద్ద పెట్టె పెట్టి, రెండిట్లోంచి బయటికొచ్చే పవర్ కొలువు. పెద్ద పెట్టె పవర్‌ను చిన్న పెట్టె పవర్‌తో భాగిస్తే, శక్తిలో ఎంత వంతు వెలుగుగా బయటపడిందో తెలుస్తుంది.

దూరం 5 నానోమీటర్లు చేసి చూడు. 2006లో ఇదే సైజు గోళంతో ఒక్క అణువు మీద చేసిన ప్రయోగంలో వెలుగు దాదాపు అక్కడే గరిష్ఠానికి చేరింది, ఇంకా దగ్గరికి పోతే తగ్గింది. ల్యాబ్‌లో ఆ సందుకు పల్చటి సిలికా పొర వాడతారు.

డైపోల్ గోళం కేంద్రం వైపు చూస్తోందా? పక్కకు తిరిగి ఉంటే లాభం పెద్దగా రాదు. చాలామంది తప్పేది ఇక్కడే, నేనూ ఒక నెల పోగొట్టుకున్నా.