గోస్తని మోడల్ రన్ చేసే ముందు ఇది చదువు

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను, గోస్తని ఏటికీ కింద భూగర్భజలానికీ మధ్య నీళ్లు ఎటు పోతున్నాయో ఎంత పోతున్నాయో కంప్యూటర్ మోడల్ వేస్తున్నావంటే చాలా సంతోషమేసింది. మన విశాఖ తాగే నీళ్లలో కొన్ని ఆ ఏటి ఇసుకలో దింపిన ఊటబావుల నుంచే వస్తాయి కదా, అంచేత ఇది ఉత్త థీసిస్ పని కాదు, ఊరికి పనికొచ్చే పని. కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన గ్రాఫ్‌లో బావుల నీటిమట్టాలన్నీ మోడల్‌తో బాగా కలిశాయి. కానీ అక్కడితో ఆగిపోకు తల్లీ. మట్టాలు కలిసినంత మాత్రాన ఏటి లెక్క తేలినట్టు కాదు. ఇంకే వాననీళ్లు రెట్టింపు చేసి, నేలలో నీళ్లు పారే గుణం, ఏటి అడుగు కండక్టెన్స్ (ఆ అడుగు పొర నీళ్లని ఎంత సులువుగా వదులుతుందో చెప్పే అంకె) కూడా రెట్టింపు చేసి చూడు, తోడకం పెద్దగా లేనిచోట మట్టాలు దాదాపు అవే వస్తాయి, ఏట్లోకి వచ్చే ఊట మాత్రం డబుల్ అయిపోతుంది! పోనీ తోడిన నీళ్ల లెక్కతో పట్టుకుందామా అంటే పొలాల్లో చాలా బోర్లకి మీటరే ఉండదు. కాబట్టి ఎక్కడో ఒకచోట ప్రవాహం కొలిచి తీరాలి. వానలు ఆగాక, డిసెంబర్ జనవరిల్లో, పద్మనాభం పైన ఒకచోట కింద ఒకచోట ఒకే రోజు కరెంట్ మీటర్‌తో (నీటి వేగం కొలిచే పరికరంతో) కొలువు, మధ్యలో కలిసే గెడ్డలు, ఏట్లో ఇంజన్లు పెట్టి తోడేవాళ్లు ఉంటే అవీ లెక్కలో వేసుకో, తాటిపూడి రిజర్వాయరు నుంచి ఆ వారం నీళ్లు వదిలారేమో కనుక్కో. కొలతలోనే నూటికి ఐదు దాకా తేడా రావొచ్చు, అంచేత రెండు చోట్లా మరీ దగ్గర పెట్టుకుంటే వచ్చే తేడా నీళ్లదో కొలతదో తెలీదు.

ఇంక రివర్ ప్యాకేజీ, అంటే మోడల్‌లో ఏటిని లెక్కగట్టే భాగం. అది మూడే అడుగుతుంది, ఏటి నీటిమట్టం, అడుగు మట్టం, కండక్టెన్స్. ఒక సెల్‌లో (మోడల్ నేలని విడగొట్టే గళ్లలో ఒకదాన్లో) ఏరు 500 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, అడుగున బురద పొర అర మీటరు, ఆ పొరలో నీళ్లు పారే గుణం రోజుకి 0.1 మీటరు అనుకో, కండక్టెన్స్ రోజుకి 4000 చదరపు మీటర్లు. అంటే మట్టంలో ఒక్క మీటరు తేడా పడితే ఆ ఒక్క సెల్ నుంచే రోజుకి 4000 ఘనపు మీటర్లు, 40 లక్షల లీటర్లు అన్నమాట. ఇప్పుడు చెప్పు, నువ్వు ఏటి మట్టాలు ఎక్కడ్నుంచి తీసుకున్నావు? 2000లో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎమ్ ఎత్తుల మ్యాప్ నుంచే కదా, దాని స్పెసిఫికేషన్‌లోనే ఎత్తులో 16 మీటర్ల దాకా తప్పు ఒప్పుకుంటుంది. మన దగ్గర ఏటి మట్టానికీ పక్క బావి మట్టానికీ తేడా చాలాచోట్ల మీటరు కూడా ఉండదు. ఖర్చయినా సరే డీజీపీఎస్ (మామూలు జీపీఎస్ కన్నా కచ్చితంగా కొలిచేది) అద్దెకి తెచ్చి ఏరూ బావులూ ఒకే బెంచ్‌మార్క్‌కి (ఎత్తు తెలిసిన గుర్తుకి) కట్టు, పాత సర్వే మట్టాలు దొరికినా ఇసుక తవ్విన చోట అడుగు దిగిపోయి ఉంటుంది, అవి నమ్మకు.

ఎండాకాలం సంగతి ఇంకా ముఖ్యం. రివర్ ప్యాకేజీకి ఏట్లో నీళ్లు ఉన్నాయా అయిపోయాయా తెలీదు, మట్టం ఎంత ఇస్తే అంత ఉందనుకుని కిందకి వదులుతూనే ఉంటుంది. మే నెలలో ఏరు ఎలా ఉంటుందో నీకు తెలుసు, ఎటు చూసినా ఇసుకే, మనుషులు చెలమలు తీసుకుంటారు. మోడల్‌లో మాత్రం ఊటబావులకి నీళ్లు దండిగా వస్తుంటాయి. అది చూసి ఎవరైనా ఇంకో బావి దింపొచ్చు అని రిపోర్టు రాస్తే నష్టపోయేది అక్కడి రైతులే. అందుకే స్ట్రీమ్‌ఫ్లో రూటింగ్ ప్యాకేజీకి మారు, అది పైనుంచి వచ్చిన నీళ్లని సెల్ సెల్‌కీ లెక్కపెట్టుకుంటూ పోతుంది, లేని నీళ్లు ఇవ్వదు. సెటప్ కొంచెం తలనొప్పే, అయినా చెయ్యి.

ఈలోగా ఒక చిన్న పని. ఇంచున్నర ఇనప పైపు కింద కొస మూసి, చివరి జానెడు మేర సన్న బెజ్జాలు వేయించి, ఏట్లో నీళ్లున్న చోట ఇసుకలోకి మీటరు లోతు దించు. నీళ్లు కుదురుకున్నాక పైపు లోపలి మట్టం, బయట ఏటి మట్టం రెండూ పైపు పైకొస నుంచి టేపుతో కొలువు. లోపల పైకి ఉంటే ఊట ఏట్లోకి వస్తోంది, దిగువకి ఉంటే ఏరే కిందకి ఇంకుతోంది. వంపు దగ్గర ఈ ఒడ్డున ఒకలా ఆ ఒడ్డున ఒకలా వస్తే కంగారుపడకు, నిజంగా అలాగే ఉంటుంది. వీలైతే లోపలా బయటా టెంపరేచర్ లాగర్లు (వేడిని తమంతట అవే రాసుకునే పరికరాలు) కూడా కట్టు, ఏటి నీళ్లు పగలు వేడెక్కి రాత్రి చల్లబడతాయి, పైకొచ్చే ఊట పెద్దగా మారదు.

భీమిలి మొగ దగ్గర పోటు వస్తుంది, ఉప్పు నీళ్ల బరువు వేరు, ఆ ముక్క ఈ మోడల్‌లో పెట్టకు, పైనే ఆపెయ్.

జూన్‌లో వానలు పడేలోపు పైపులు దించేసి, మొదటి రీడింగులూ మోడల్ బడ్జెట్ ఫైలూ (ఎక్కడ ఎన్ని నీళ్లు వచ్చాయో పోయాయో చూపే లెక్క) నాకు పంపు, ఫోన్‌లో కాదు, ఆదివారం ఇంటికి రా, కూర్చుని సెల్ సెల్ చూద్దాం.

మీ మావయ్య