స్టెమ్స్ పంపే ముందు అన్నీ కలిపి మీరే ఒకసారి వినండి

మీ ప్రశ్న చదివాను. ఆరు జానపద పాటలు ఇంట్లోనే మిక్స్ చేశారు, మాస్టరింగ్ (మిక్స్ అయ్యాక, పాట విడుదలకి ముందు చేసే చివరి మెరుగు) చేసే ఆయన స్టీరియో ఫైలు విని స్టెమ్స్ పంపమన్నారు, అంటే డప్పులు, బేస్, గొంతు ఇలా గ్రూపులుగా విడదీసిన ఫైళ్ళు. ఎన్ని చెయ్యాలి, మాస్టర్ బస్ (ట్రాకులన్నీ కలిసి బయటికెళ్ళే దారి) మీదున్న కంప్రెసర్ (గట్టి శబ్దాలని తగ్గించే ప్లగిన్) తీసెయ్యాలా, ప్రతి ఫైలూ మైనస్ 6 డీబీ దగ్గరే ఉండాలా అని అడిగారు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మీరు పంపే ఫైళ్ళన్నీ ఒక కొత్త సెషన్‌లో వేసి, ఫేడర్లు ఏవీ కదపకుండా సున్నా దగ్గరే ఉంచి ప్లే చేస్తే, మీరు ఓకే అనుకున్న మిక్సే అచ్చంగా వినపడాలి. అలా వినపడితే స్టెమ్స్ సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే మిగతావి ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు. ఇది నాకు ఒక బోనాల పాట దగ్గర తెలిసొచ్చింది.

అప్పుడు యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాణ్ణి. పడకగదే నా స్టూడియో. ఆషాఢం దగ్గర పడింది, గోల్కొండలో మొదటి బోనం ఎత్తేలోపు పాట యూట్యూబ్‌లో పడాలని పాట తీసినవాళ్ళ పట్టు. నాలుగు డప్పులు, ఢోలక్, కీబోర్డు బేస్, ఒక ఆడగొంతు, వెనక కోరస్. మిక్స్ నాకు బాగానే అనిపించింది. మాస్టరింగ్‌కి పంపితే ఆ అన్న ఫోన్ చేసి, "తమ్మీ, గొంతు మంచిగుంది, డప్పు మంచిగుంది. కింద బేస్ మాత్రం పాటని మింగేస్తుంది. స్టెమ్స్ పంపు" అన్నాడు.

ఆ బేస్ ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. నా గది పొడవు 11 అడుగులు. ఎదురెదురు గోడల మధ్య అంత దూరం ఉంటే సుమారు 51 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుంది. గోడల దగ్గర అది గట్టిగా వినిపిస్తుంది, గది నడిమధ్యలో దాదాపు మాయమైపోతుంది. నా కుర్చీ సరిగ్గా ఆ నడిమధ్యలోనే ఉండేది. వినపడటం లేదని నేను బేస్ పెంచుకుంటూ పోయాను. ఊరేగింపులో డీజే బాక్సుల మీద మోగాల్సిన పాట అది. అలాగే వదిలేసి ఉంటే వీధిలో గొంతు ఎవరికీ వినపడేది కాదు. మనలాంటి ఇంటి గదుల్లో మిక్స్ చేసేవాళ్ళకి స్టెమ్స్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. స్టీరియో ఫైల్లో 51 దగ్గర కోస్తే ఢోలక్ ఎడమచేతి గుమ్ము కూడా పోతుంది. బేస్ విడిగా ఉంటే బేస్‌లోనే కోయొచ్చు.

సరే, ఆ రాత్రే కూర్చుని ఒక్కో గ్రూపునీ సోలో చేసి (అదొక్కటే మోగేలా పెట్టి), మాస్టర్ బస్ మీద ఉన్నవన్నీ అలాగే ఉంచి, ఆరు ఫైళ్ళు ఎక్స్‌పోర్ట్ చేసి పంపేశాను. పొద్దున మళ్ళీ ఫోన్. "నువ్వు పంపిన ఆరూ కలిపితే నువ్వు పంపిన పాట వస్తలేదు. ఇది వేరే పాట."

జరిగింది ఇది. పూర్తి మిక్స్ ఆడుతున్నప్పుడు డప్పు దెబ్బ పడ్డ ప్రతిసారీ మాస్టర్ బస్ కంప్రెసర్ మూడు డీబీల దాకా తగ్గిస్తోంది. డప్పుతో పాటు గొంతూ కోరస్సూ కూడా ఆ క్షణం కొద్దిగా వంగి లేస్తున్నాయి. పాటకి ఆ ఊపు అందులోంచే వచ్చింది. గొంతు ఒక్కదాన్నే సోలో చేస్తే దాన్ని వంచడానికి డప్పు లేదు, కంప్రెసర్ కదలనే కదలదు. విడివిడిగా బయటికొచ్చిన ఆరింటినీ కలిపితే ఆ ఊపు ఎక్కడా లేదు.

ఈక్యూతో (కింది, మధ్య, పై శబ్దాలని విడిగా పెంచి తగ్గించేది) ఈ బాధ లేదు. రెండు శబ్దాలను విడిగా ఈక్యూ చేసి కలిపినా, కలిపాక అదే ఈక్యూ చేసినా వచ్చేది ఒకటే. కంప్రెసర్, లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది), సాచురేషన్, టేప్ ప్లగిన్లు అలా కావు. లోపలికి ఎంత గట్టిగా వస్తోందన్న దాన్ని బట్టి వాటి పని మారిపోతుంది. కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు: లిమిటర్ని మాత్రం తప్పకుండా తీసెయ్యండి. కంప్రెసర్ సంగతి మీరు దాన్ని ఎప్పుడు పెట్టారన్న దాని మీద ఉంటుంది. చివర్లో సౌండు పెద్దగా రావాలని పెట్టి ఉంటే తీసేసి, బ్యాలెన్స్ ఒకసారి సరిచూసుకుని, స్టీరియో మిక్సూ స్టెమ్సూ రెండూ అది లేకుండానే తీయండి. మొదటి రోజు నుంచీ దానిలోంచి వింటూనే మిక్స్ చేసి ఉంటే అది పాటలో భాగమైపోయినట్టే. అప్పుడు బయటి సైడ్‌చెయిన్ (ఎప్పుడు తగ్గించాలో కంప్రెసర్‌కి చెప్పే వేరే శబ్దం) తీసుకునే కంప్రెసర్ వాడి, దాని సైడ్‌చెయిన్ లోకి ఎప్పుడూ పూర్తి మిక్స్ వెళ్ళేలా కలిపి, స్టెమ్స్‌ని ఒక్కొక్కటిగా దానిలోంచి తీయాలి. కంప్రెసర్ చెవికి పాటంతా వినపడుతుంది, చెయ్యి మాత్రం ఆ ఒక్క స్టెమ్ మీద పడుతుంది. కొంచెం తిప్పలే గానీ పని చేస్తుంది. అంత ఓపిక లేకపోతే కంప్రెసర్ ఉన్న స్టీరియో మిక్స్ ఒకటి, లేనిది ఒకటి పంపి, స్టెమ్స్‌ని కంప్రెసర్ లేకుండా తీసి, మీకు ఏ ఊపు కావాలో ఆయనకి నోటితో చెప్పండి. చెవి ఉన్న ఇంజనీర్ పట్టుకుంటాడు.

సోలో, మ్యూట్ నొక్కుతూ స్టెమ్స్ తీయడం నేను పూర్తిగా మానేశాను. కిక్ (డ్రమ్ముల్లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) పడినప్పుడు బేస్ తగ్గేలా మీరు సైడ్‌చెయిన్ పెట్టి ఉంటే, కిక్‌ని మ్యూట్ చేసి తీసిన బేస్ ఎక్కడా తగ్గదు. గొంతుని సోలో చేసినప్పుడు రీవర్బ్ (గొంతు వెనక మారుమోగు) ట్రాక్‌కి సోలో సేఫ్ (వేరేదాన్ని సోలో చేసినా ఇది ఆగకుండా ఉంచేది) పెట్టడం మరిస్తే గొంతు ఆ మారుమోగు లేకుండా ఎండిపోయి బయటికొస్తుంది. ఇప్పుడు నేను ప్రతి గ్రూపుకీ దాని రీవర్బ్, దాని డిలే విడిగా పెట్టి, అవి కూడా ఆ గ్రూపులోకే వెళ్ళేలా చూస్తాను. అందరికీ కలిపి ఒకటే హాల్ రీవర్బ్ వాడి ఉంటే దాన్ని అవే సెట్టింగులతో గ్రూపుకొకటి కాపీ చేస్తాను. ఆ తర్వాత గ్రూపులన్నిటినీ కొత్త ట్రాకుల మీదికి ఒకేసారి, పాట మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేసేస్తాను. నాలుగున్నర నిమిషాల పాటకి నాలుగున్నర నిమిషాలే. ఏదీ మ్యూట్ కాలేదు కాబట్టి సైడ్‌చెయిన్లన్నీ బతికే ఉంటాయి.

ఎన్ని అంటే, జానపదానికి నాకు ఆరు సరిపోతాయి. డప్పులూ మిగతా తాళవాద్యాలూ ఒకటి, బేస్, మిగతా వాయిద్యాలు, మెయిన్ గొంతు, కోరస్, ఎఫెక్టులు. ఎక్కడ గొడవ రావచ్చో అక్కడ విడదీయండి. కిక్ ఉంటే దాన్నీ బేస్‌నీ ఒకే ఫైల్లో పెట్టొద్దు, కింది శబ్దాలన్నీ గుద్దుకునేది ఆ రెండింటి మధ్యే. వేణువూ వీణా కలిసి ఉన్నా ఫర్వాలేదు. ఇరవై ముప్పై ఫైళ్ళు పంపితే మాత్రం అవి స్టెమ్స్ అనిపించుకోవు, మల్టీట్రాక్ అవుతుంది. నా పాట నువ్వే మళ్ళీ మిక్స్ చెయ్యి అని చెప్పినట్టు.

అసలు మిక్స్‌లోనే ఏది ముందు ఏది వెనక అన్నది తేలకపోతే స్టెమ్స్ పంపి ఆయన మీద వదిలెయ్యకండి. కోరస్ ఎంత ఉండాలన్నది మీ పాట, మీ నిర్ణయం. స్టీరియో ఫైలుతోనే పని అయిపోతుంది అని ఆయన అంటే అదే అన్నిటికన్నా మంచి కబురు.

మైనస్ 6 డీబీ గురించి. అది రూలేం కాదు, ఎక్కడా క్లిప్ (హద్దు దాటి శబ్దం పగలడం) కాకూడదన్నదే అసలు రూలు. 24 బిట్ ఫైల్లో ఒక్కో బిట్‌కి సుమారు 6 డీబీ లెక్కన మొత్తం 144 డీబీ చోటు ఉంటుంది. ఆరు తగ్గితే పోయేది ఒక్క బిట్టు, దాని వల్ల వినిపించే నష్టం లేదు. 32 బిట్ ఫ్లోట్‌లో తీస్తే ఒకవేళ సున్నా దాటినా తర్వాత దించుకోవచ్చు, శబ్దం చెడిపోదు. కానీ తగ్గించాల్సి వస్తే అన్ని స్టెమ్స్‌నీ ఒకే కొలతలో తగ్గించండి. ఒక్కోదాన్నీ విడిగా మైనస్ 6 దగ్గరికి తెచ్చారంటే మీ బ్యాలెన్స్ మొత్తం పోయినట్టే. ఎక్స్‌పోర్ట్ విండోలో నార్మలైజ్ అన్న టిక్కు సరిగ్గా ఈ పనే చేస్తుంది, మీకు చెప్పకుండా. దాన్ని తీసెయ్యండి. స్పాటిఫై మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తమ్మీద చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందన్న కొలత) లెక్క కూడా ఈ దశలో మీరు పట్టించుకోవాల్సింది కాదు.

ఫైళ్ళు వేవ్‌లోనే ఇవ్వండి, ఎంపీత్రీ వద్దు. సెషన్ 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటే 48, 44.1లో ఉంటే 44.1, మార్చొద్దు. 24 బిట్ 48లో స్టీరియో ఫైలు నిమిషానికి 17 ఎంబీ చొప్పున వస్తుంది. మీ పాట నాలుగున్నర నిమిషాలైతే ఆరు స్టెమ్సూ ఒక స్టీరియో మిక్సూ కలిపి 550 ఎంబీ లోపే, డ్రైవ్ లింకు చాలు.

ఇంకో తప్పు కూడా అదే పాటలో చేశాను. కోరస్ మొదటి చరణం దాకా లేదు కదా అని ముందున్న ఖాళీ కత్తిరించి పంపాను. ఆయన అన్నీ సున్నా దగ్గర పెట్టగానే పల్లవి మీద కోరస్ పడింది. ప్రతి ఫైలూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగియాలి, లోపల నిమిషం పాటు నిశ్శబ్దం ఉన్నా సరే. మొదట ఒక సెకను ఖాళీ ఉంచండి. చివర్లో ఆఖరి డప్పు దెబ్బ తాలూకు రీవర్బ్ పూర్తిగా ఆగిపోయేదాకా వదలండి.

ఇప్పుడు పరీక్ష ఎలా చెయ్యాలో చెప్తాను, నా పాటతోనే. రెండోసారి స్టెమ్స్ తీశాక కొత్త సెషన్‌లో ఆరూ వేశాను, ఏడో ట్రాక్ మీద స్టీరియో మిక్స్ వేసి దాని ఫేజ్ తిప్పాను, అంటే అలని తలకిందులు చేశాను. సున్నా మీద అడ్డగీత ఉంటుందే, ఆ బటన్. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ మిగలకూడదు. ప్లే నొక్కాను. పల్లవి మొత్తం నిశ్శబ్దం, మీటర్ లేవలేదు. రెండో చరణం చివర్లో మాత్రం దూరం నుంచి ఎవరో పిలిచినట్టు "అమ్మా... మ్మా... మ్మా" అని వినపడింది. పాట లేదు, డప్పు లేదు, ఆ ఒక్క పిలుపే ఖాళీలో తేలుతోంది. ఆ మాటకి నేను వేసిన డిలే గొంతు గ్రూపులోకి వెళ్ళకుండా నేరుగా మాస్టర్‌లోకి వెళ్ళింది. స్టెమ్స్‌లో ఎక్కడా అది లేదు. మామూలుగా వింటే నేను పట్టుకునేవాణ్ణి కాదు. దారి మార్చి మళ్ళీ తీశాను, ఈసారి నిశ్శబ్దం.

కోరస్ ఎఫెక్ట్ (వెనక పాడే కోరస్ కాదు, ఆ పేరున్న ప్లగిన్), లోపల కదులుతూ ఉండే రీవర్బ్‌లు ప్లే చేసిన ప్రతిసారీ కొద్దిగా వేరుగా వస్తాయి. అందుకే స్టీరియో మిక్స్‌ని కూడా స్టెమ్స్ తీసేటప్పుడే, అదే పాస్‌లో రికార్డు చేసుకోండి. విడిగా తీసిన మిక్స్‌తో పోలిస్తే పల్చటి గాలి లాంటి శబ్దం మిగులుతుంది, దానికి భయపడక్కర్లేదు. ఇది గొంతు, ఇది డప్పు అని గుర్తుపట్టేలా ఏదైనా వినపడితే మాత్రం వెనక్కి వెళ్ళి వెతకండి.

ఆ తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో స్టెమ్‌నీ మొదటి నుంచి చివరిదాకా వినండి. గొంతు స్టెమ్ అలా వింటుంటే పల్లవి రెండు లైన్ల మధ్య ఊపిరి తీసుకునే చోట పక్కింటి కుక్కర్ విజిల్ వినపడింది. మిక్స్‌లో డప్పు కింద దాక్కుంది. మాస్టరింగ్‌లో చిన్న శబ్దాలు పైకి లేస్తాయి, అప్పుడు బయటపడేది. అక్కడ చిన్న ఫేడ్ వేసి తీసేశాను.

మీవి ఆరు పాటలు కాబట్టి అన్నీ ఒకేసారి తీసి పంపకండి. ముందు ఒక్క పాట స్టెమ్స్ తీసి, స్టీరియో మిక్స్, టెంపో, ఏ ఫైల్లో ఏముందో రాసిన చిన్న నోటు కలిపి ఆయనకి పంపండి. గ్రూపులు ఇలా ఉంటే మీకు సరిపోతుందా అని అడగండి. ఆయన సరే అన్నాక మిగతా ఐదూ అదే పద్ధతిలో తీయండి. పరీక్షలో ఏదైనా మిగిలి, ఎక్కడి నుంచి వస్తోందో దొరక్కపోతే మీ గ్రూపులు, సెండ్‌లు ఎలా కలిపారో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.